మా తాత చెప్పిన సాక్ష్యం

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో యువతీయువకులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఏడాది సంచికలో మన పెద్దలను తలచుకుందామని సంఘం వారు అనుకున్నారు. మా తాత గురించి నాలుగు మాటలు చెప్పమని మమ్మల్ని అడిగారు. మేము అంటే ఆయన మనవలం, మనవరాళ్లం. ఎవరికి తెలిసింది వాళ్లం చెప్పుకుని, అందరం ఒకచోట కూర్చుని ఈ మాటలు రాసుకున్నాం. మా తాత మంత్రి కాదు, ఎమ్మెల్యే కాదు, ఊరి పటేల్ కూడా కాదు. మిలటరీలో పదిహేనేళ్లు పనిచేసి నాయక్‌గా ఇంటికి వచ్చిన మనిషి. ఎవరైనా సభలో ఆయన్ని నాయకుడు అంటే, "నాయకుణ్ణి కాదయ్యా, నాయక్‌ని" అని నవ్వేవారు.

ఆయన పుట్టిన తేదీ ఎవరికీ తెలియదు. మిలటరీ రికార్డులో జూలై 1 అని ఉంది. అది బడి పంతులుగారు వేసిన తేదీ. మీ ఇళ్లలో ముసలివాళ్ల ఆధార్ కార్డులు తీసి చూడండి, చాలామంది జూలై 1నే పుట్టి ఉంటారు. 1953 గోదావరి వరదకు తాత మేకలు కాసే పిల్లాడు. నీళ్లు ఊళ్లోకి వస్తుంటే మేకల్ని కొండ మీదికి తోలుకుపోయిన సంగతి ఆయనకు బాగా గుర్తు. ఆ లెక్కన పోయేనాటికి ఎనభై నాలుగో, ఎనభై అయిదో ఉంటాయి.

మా ఊరు కూనవరం మండలంలో, శబరి వచ్చి గోదావరిలో కలిసే చోటికి దగ్గర. తాత పుట్టినప్పుడు అది మద్రాసు ప్రెసిడెన్సీలో తూర్పు గోదావరి జిల్లా. 1953లో ఆంధ్ర రాష్ట్రం అయింది. 1956లో ఆంధ్రప్రదేశ్ అయింది. 1959లో ఖమ్మం జిల్లాలో కలిపారు. 2014లో మళ్లీ తూర్పు గోదావరికి ఇచ్చారు. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా అయింది. "నేను ఇల్లు కదల్లేదు, జిల్లాలే నా మీదుగా నడిచిపోయాయి" అనేవారు తాత. మనం నవ్వుకునే మాటే గానీ, జిల్లా మారిన ప్రతిసారీ మన కాగితాలు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి కట్టలుగా పోయాయి. ఏ కట్ట ఎక్కడుందో చెప్పేవాళ్లు ఉండరు. మా తాత జీవితంలో సగం ఆ కాగితాల వెనక తిరగడంలోనే గడిచింది. ఈరోజు ముఖ్యంగా చెప్పదలుచుకున్నది ఆ సంగతే. కానీ ముందు ఆయన మిలటరీకి ఎలా వెళ్లారో చెప్పాలి.

ఆ రోజుల్లో మన కొండల్లో కొట్టిన వెదురును తెప్పలు కట్టి గోదావరి మీదే రాజమండ్రికి పంపేవారు. కుర్రవాళ్లు ఆ తెప్పల మీద కూలికి వెళ్లేవారు. తెప్ప అప్పజెప్పాక వచ్చిన డబ్బుతో ఉప్పు, కిరసనాయిలు, బట్టలు కొనుక్కుని తిరిగి రావడం అలవాటు. 1962లో చైనాతో యుద్ధం అయ్యాక సైన్యంలోకి ఎక్కువగా మనుషుల్ని తీసుకుంటున్నారు. తాత రాజమండ్రి వెళ్లిన రోజున ఒక మైదానంలో కుర్రవాళ్లు బారులు తీరి ఉన్నారట. ఏమిటో చూద్దామని ఆయన కూడా నిలబడ్డారు. ఛాతీ కొలిచారు, పరుగెత్తించారు. కొండలెక్కిన కాళ్లు కదా, అందరికంటే ముందు వచ్చింది ఆయనే. తోటివాళ్లు ఉప్పు మూటలతో ఊరికి తిరిగొచ్చారు, తాత రాలేదు. కొడుకు గోదావరిలో పోయాడని ఆయన తల్లి నెలల తరబడి ఏడ్చింది. తర్వాత ఒక కార్డు వచ్చింది. చదివేవాళ్లు లేక దాన్ని సంతకు తీసుకెళ్లి చదివించుకున్నారు.

హైదరాబాదులో గోల్కొండ పక్కన ఉన్న ఆర్టిలరీ సెంటర్‌లో ఆయనకు ట్రైనింగ్. ఆర్టిలరీ అంటే ఫిరంగి దళం. వెళ్లేటప్పటికి ఆయన చదువు అయిదో తరగతి. తెలుగు కూడా అంతంత మాత్రం, ఇంట్లో మాట్లాడేది కోయ భాషే. హిందీ అక్కడే నేర్చుకున్నారు. మ్యాపు చదవడం అక్కడే నేర్చుకున్నారు. కాగితం మీద గీతలు చూసి ఎక్కడ కొండ, ఎక్కడ లోయ, ఎక్కడ ఎంత ఎత్తు అనేది చెప్పగలిగేవారు. ఆ చదువు మా ఊరికి ఎంత పనికొచ్చిందో ముందుముందు చెబుతాం.

ఫిరంగులు ఒకచోట ఉంటాయి. ముందుకెళ్లి ఎత్తు మీద కూర్చున్న అధికారి గుండు ఎక్కడ పడిందో చూసి వెనక్కి కబురు చెబుతారు. ఆ రెండింటికీ మధ్య టెలిఫోన్ తీగ ఉంటుంది. దాన్ని పరచడం, కాపాడటం, తెగితే కలపడం మా తాత పని. 1965 యుద్ధంలోనూ 1971 యుద్ధంలోనూ పశ్చిమ సరిహద్దులో ఆయన చేసింది అదే. శత్రువు గుళ్లు పడితే తీగ తెగిపోతుంది. రాత్రిపూట దీపం వెలిగించకూడదు. తీగను చేత్తో పట్టుకుని, వేళ్ల మధ్య జారనిస్తూ నడవాలి. చేయి ఖాళీ అయిన చోట తెగిందన్నమాట. అక్కడ నేల మీద పాకుతూ రెండో కొసను వెతుక్కోవాలి. దొరికాక ముడివేసి, రెండు వైపులా మాట వినబడుతోందని చూసుకున్నాకే తిరిగి రావాలి.

1971 డిసెంబరులో ఒక రాత్రి ఇద్దరు వెళ్లారు. తాత ఒక్కరే తిరిగొచ్చారు. అంతకు మించి ఆ సంగతి ఆయన ఎప్పుడూ చెప్పలేదు, మేమూ తరచి అడగలేదు. కొత్తల పండుగకు పెద్దలకు పెట్టేటప్పుడు మాత్రం ఒక ఆకు ఎక్కువ వేసేవారు. ఎవరికని అడిగితే, "మనవాడే ఒకడు" అనేవారు. ఆయన పోయాక కూడా మేము ఆ ఆకు వేస్తున్నాం.

పదిహేనేళ్ల సర్వీసు పూర్తిచేసుకుని ఇంటికి వచ్చారు. సమర సేవా స్టార్, పశ్చిమీ స్టార్, సంగ్రామ్ మెడల్ ఆయనతో వచ్చాయి. ఆగస్టు 15న బడి దగ్గర జెండా ఎగరేసేటప్పుడు వాటిని చొక్కాకు తగిలించుకుని వెళ్లేవారు. మధ్యాహ్నానికి మళ్లీ పంచె పైకి కట్టి పొలంలో ఉండేవారు. మిలటరీ నుంచి వచ్చిన మనిషి కదా, రమ్ము సీసాలు తెస్తాడని ఊళ్లో వాళ్లు ఎదురుచూశారట. ఆయన తెచ్చింది ఒక నల్ల ఇనప పెట్టె, దాని నిండా కాగితాలు.

ఆ పెట్టెలో ఆయన సెలవు చీటీలు అన్నీ ఉన్నాయి. ఏ ఏడు, ఏ తేదీన సెలవు మీద బయలుదేరారో, ఎప్పుడు తిరిగి చేరారో వాటిలో ఉంటుంది. జేబులో పట్టే చిన్న నోటు పుస్తకాలు కూడా ఉన్నాయి. సెలవుకి వచ్చినప్పుడల్లా ఊరి సంగతులు వాటిలో రాసుకునేవారు. ఎవరి ఇంట పెళ్లయింది, ఎవరు పోయారు, ఎవరు ఏ వాగు పక్కన పోడు కొట్టారు, ఎవరి చేలో జొన్న బాగా పండింది. మళ్లీ సరిహద్దుకు వెళ్లాక ఊరు గుర్తొచ్చినప్పుడు చదువుకోవడానికి అలా రాసుకున్నారు. అవి ఒకరోజు చట్టం ముందు నిలబడతాయని ఆయన అనుకోలేదు.

ఊరికి వచ్చాక ఆయన దగ్గరికి అందరూ కాగితాలు పట్టుకుని వచ్చేవారు. 1970లో వచ్చిన భూమి బదలాయింపు రెగ్యులేషన్, మనమంతా వన్ ఆఫ్ సెవెంటీ అని పిలుచుకునేది, మా ఊళ్లో మొదట చదివి వినిపించింది ఆయనే. ఏజెన్సీలో మన భూమి గిరిజనేతరుల చేతికి పోతే ఆ బదిలీ చెల్లదని ఆ రాతలో ఉందని చెప్పారు. సంతలో అప్పు కింద తెల్లకాగితం మీద వేలిముద్ర వేయవద్దని ఇల్లిల్లూ తిరిగి చెప్పారు.

తర్వాత 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. 2008లో దాని నిబంధనలు వచ్చాయి. 2005 డిసెంబరు 13 నాటికి మనం సాగు చేసుకుంటున్న అడవి భూమికి హక్కు పత్రం ఇస్తారు. క్లెయిము ముందుగా గ్రామసభకు పెట్టుకోవాలి. మరి ఆధారం? పోడు కొట్టినప్పుడు ఎవరైనా రసీదు ఇస్తారా? మన నాన్నలు, తాతలు గొడ్డలి పట్టుకుని వెళ్లారు గానీ ఫైలు పట్టుకుని వెళ్లలేదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇక్కడ కొంచెం జాగ్రత్తగా వినండి. ఆ నిబంధనల్లో 13వది ఆధారాల గురించి చెబుతుంది. ఓటరు కార్డు, రేషన్ కార్డు, ఇంటి పన్ను రసీదు వంటివి అందులో ఉన్నాయి. గట్లు, చెరువులు, బావులు, శ్మశానాలు, పూజ చేసుకునే చోట్లు కూడా ఆధారాలే. చివర్లో ఇంకొకటి ఉంది: క్లెయిము పెట్టుకున్నవారు కాకుండా వేరే పెద్దలు చెప్పి, కాగితం మీద రాయించిన వాంగ్మూలం. అంటే మీ ఇంటి అరుగు మీద కూర్చుని చుట్ట కాల్చుకుంటున్న ముసలాయన మాట చట్టం ముందు సాక్ష్యం. అయితే ఒక్క ఆధారమే చాలదు, ఒకటికి మించి చూపాలి. పెద్దల మాటకు తోడు ఒక రాయి, ఒక చెట్టు, ఒక కార్డు ఉండాలి.

మా తాత ఆ రాత చదివి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఇనప పెట్టె తెరిచారు.

మాకు పెద్దమ్మ వరస అయ్యే ఒకావిడ ఉంది. భర్త పోయాడు, పిల్లలు చిన్నవాళ్లు. ఆమె చెక్క వాగు అవతల. చూపించడానికి ఒక్క కాగితం లేదు. "రుజువు లేకుండా ఎలా ఇస్తాం?" అని కొలతకు వచ్చినవాళ్లలో ఒకాయన అన్నారు. తాత ఆయన్ని చేను గట్టుకు తీసుకెళ్లారు. అక్కడ ఒక చింతచెట్టు ఉంది. "1969లో నేను సెలవు మీద వచ్చినప్పుడు ఈమె మామ ఇక్కడ గట్టు వేస్తున్నాడు. ఆ గట్టు మీద ఈ చింత మొలక నాటాడు. ఇదిగో నా సెలవు చీటీ, ఇదిగో ఆనాడు రాసుకున్న పుస్తకం. ఆయన్ని పాతిపెట్టిన రాయి అదిగో, ఆ పొద దగ్గర" అన్నారు. ఆ మాట రాయించారు. తాత సంతకం చేశారు, గ్రామసభ తీర్మానం చేసింది. కొంతకాలానికి ఆమె పేర పత్రం వచ్చింది. పత్రం పట్టుకుని ఆమె తాత దగ్గరికి వచ్చి కాళ్లు మొక్కబోతే, "నాకెందుకు మొక్కుతావు, పోయి చింతచెట్టుకు మొక్కు" అన్నారు.

అలా చాలా ఇళ్లకు ఆయన సాక్ష్యం చెప్పారు. తెలియనిచోట తెలియదనే చెప్పేవారు. ఒకసారి మా దగ్గరి చుట్టమే వచ్చి, ఫలానా చెక్క తనదని చెప్పమని అడిగాడు. "ఆ ఏడు నేను సరిహద్దులో ఉన్నాను, చూడలేదు. చూడనిది చూశానంటే చూసింది కూడా ఎవరూ నమ్మరు" అని పంపేశారు. ఆ చుట్టం రెండేళ్లు మా ఇంటి గడప తొక్కలేదు. తాత బాధపడ్డారు గానీ మాట మార్చలేదు. ఆయన మాటకు అంత విలువ రావడానికి కారణం అదే.

పెన్షనుకు ఏటా నవంబరులో తాను బతికే ఉన్నానని సర్టిఫికెట్ ఇవ్వాలి. అది తలచుకుని ఆయన అనేవారు: "ఎదురుగా నిలబడినా కాగితం కావాలంటారు. బతికున్న మనిషి సంగతే ఇలా ఉంటే, మాట్లాడలేని నేల సంగతి చెప్పాలా? దాని తరఫున మనమే చెప్పాలి."

ఇక మ్యాపు చదువు సంగతి. మా ఊరికి వరద కొత్త కాదు. గోదావరి నిండుగా ఉంటే శబరి నీళ్లకు దారి దొరక్క వెనక్కి ఎగదన్నుతాయి. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులు వచ్చిన వరదకు తాత ముందురోజు సాయంత్రమే ముసలివాళ్లను, పిల్లలను, గింజలను కొండెక్కించారు. 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చినప్పుడు ఆయనే ముసలివాడు, మేము ఆయన్ని మోసుకెళ్లాం. "నన్ను తర్వాత తీసుకెళ్దురు గానీ, ముందు పెట్టె ఎక్కించండి" అని ఒకటే గోల.

పోలవరం మాట వచ్చాక కాంటూరు అనే పదం మన ఊళ్లలో చిన్నపిల్లలకు కూడా వచ్చేసింది. 41.15 కాంటూరు, 45.72 కాంటూరు. ఇవేమిటో మొదట్లో చాలామందికి తెలియదు. తాత అరుగు మీద కూర్చుని బొగ్గుతో గీసి చూపించారు. సముద్రం మట్టం నుంచి అన్ని మీటర్ల ఎత్తులో కొండ చుట్టూ ఒక గీత గీస్తే, ఆ గీతకు కింద ఉన్నది నీళ్లలోకి వస్తుందని, పైన ఉన్నది మిగులుతుందని చెప్పారు. ఫిరంగి గుండు ఎక్కడ పడుతుందో లెక్క వేయడానికి నేర్చుకున్న చదువుతో, సొంత ఊరు ఎంతవరకు మునుగుతుందో లెక్క చెప్పారు. ఆ రోజు అరుగు దగ్గర ఎవరూ ఏమీ మాట్లాడలేదు.

చివరి ఏడాది మంచం మీదే ఉన్నారు. హిందీ ముందు పోయింది, తర్వాత తెలుగు తగ్గింది. ఆఖరి నెలల్లో కోయ భాష ఒక్కటే మిగిలింది. మాలో పట్నంలో చదువుకుంటున్న పిల్లలకు ఆయన మాట అందాలంటే పక్కన ఎవరో ఒకరు చెప్పాల్సి వచ్చింది. ఆ పిల్లలు ఇప్పుడు ఇంటికి వచ్చినప్పుడల్లా మా అమ్మమ్మ దగ్గర కూర్చుని కోయ నేర్చుకుంటున్నారు.

తన సమాధి విషయం ఆయన ముందే చెప్పారు. మా వాళ్లందరూ ఉన్నది ఏటి ఒడ్డున, మామిడి తోపు దగ్గర. అక్కడ వద్దన్నారు. "45.72 గీతకు పైన పెట్టండి. పండుగనాడు మీరు వచ్చి నాలుగు మెతుకులు పెట్టాలంటే దారి ఉండాలి కదా" అన్నారు. కొండ మీద చోటు కూడా ఆయనే చూసిపెట్టుకున్నారు. దినం నాడు రాయి నిలబెట్టాం. అక్కడి నుంచి చూస్తే కింద శబరి, దాని అవతల పొలాలు కనిపిస్తాయి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మా తాతను పొగడటానికి మేము రాలేదు. ఆయన పని ఇంకా మిగిలి ఉంది. మన ఊళ్లు కొన్ని ఇప్పటికే కాలనీలకు తరలిపోయాయి. పక్క పక్క ఇళ్లవాళ్లు వేరు వేరు చోట్లకు వెళ్లారు. ఎవరి చేను పక్కన ఎవరి చేను, ఏ చెట్టు కింద ఏ దేవత, ఏ గట్టు వాళ్లకు ఏ గట్టు వాళ్లు వియ్యం, ఇవన్నీ కొందరు పెద్దల తలల్లోనే ఉన్నాయి. మన డోలి వాళ్లు పడిగె విప్పి వంశాల చరిత్ర పాడేవారు. మణుగూరు వైపు కూనవరం వాసి సకిని రామచంద్రయ్య గారికి ఆ విద్యకే 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కూడా వెళ్లిపోయారు. ఒక్కొక్క పెద్ద వెళ్లినప్పుడల్లా మన తీగ ఒకచోట తెగుతోంది.

కాబట్టి మీ చేతిలో ఫోను ఉంది, దాన్ని ఈ పనికి వాడండి. ఈ పండుగకు ఇంటికి వెళ్లినప్పుడు ముసలివాళ్ల దగ్గర కూర్చోండి. "ఏ సంవత్సరం?" అని అడిగితే వాళ్లు చెప్పలేరు. "1986 వరదకు ముందా, తర్వాతా? మా నాన్న పుట్టాడా అప్పటికి?" అని అడగండి, అప్పుడు వరసగా వస్తుంది. వాళ్ల భాషలోనే చెప్పనివ్వండి, మధ్యలో దిద్దకండి. చెప్పింది రాసి, చదివి వినిపించి, సంతకమో వేలిముద్రో తీసుకోండి. విన్నవాళ్లు ఇద్దరు పక్కన సంతకం చేయండి. తేదీ వేయండి. ఒక నకలు గ్రామసభ దగ్గర, ఒకటి ఇంట్లో, ఒకటి ఊరి బయట చదువుకుంటున్న వాళ్ల దగ్గర ఉంచండి. వరద వస్తే మూడూ ఒకేసారి పోవు. క్లెయిము తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అడగండి. గ్రామసభ తీర్మానం మీద 60 రోజుల్లో పైకి అప్పీలు పెట్టుకోవచ్చు. గడువు దాటనివ్వకండి. అన్నిటికంటే ముఖ్యం, తెలియనిది తెలుసని రాయించకండి. ఒక్క అబద్ధం వంద నిజాలను మోసుకుపోతుంది.

మా తాత ఇనప పెట్టె ఇప్పుడు మా ఇంట్లో ఎత్తు మీద ఉంది. అందులోని కాగితాలన్నీ మేము ఫోటోలు తీసి పెట్టాం. వాటిలో మీ తాతల పేర్లు, మీ చేల గుర్తులు కూడా ఉండవచ్చు. ఎవరికి కావాలన్నా రండి, అరుగు మీద కూర్చుని చూసుకుందాం. వచ్చేటప్పుడు మీ ఇంటి పెద్దను కూడా వెంటబెట్టుకుని రండి. కాగితంలో లేనిది ఆయన చెబుతారు, మనం రాసుకుందాం.